ఎలుకలు, నల్లులు, దోమలు, ఒంటరిగా ఉన్న ఒక పెద్దాయన: బల్దియాను ఏమి అడగాలి, ముందుగా ఏ పని చేయాలి

మీరు రాసినదాన్ని బట్టి విషయం ఇది. హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు మీ కాలనీలోని ఒక పాత ఇంట్లో 70 ఏళ్లు దాటిన పెద్దాయన ఒంటరిగా ఉంటున్నారు. భార్య పోయిన తరువాత ఆయన ఇల్లు సర్దుకోవడం, స్నానం చేయడం దాదాపు మానేశారు. ఇంటినిండా పాత పేపర్లు, అట్టపెట్టెలు, ఖాళీ సీసాలు పేరుకుపోయాయి. అక్కడి నుంచి ఎలుకలు, నల్లులు పక్క ఇళ్లకు పాకుతున్నాయి. వెనక ఉన్న సిమెంటు తొట్టిలో దోమలు పుడుతున్నాయి, ఈ వానకాలంలో మీ గల్లీలో ఇద్దరికి డెంగీ వచ్చింది. బల్దియాకు, అంటే నగరపాలక సంస్థకు చెప్పి ఆ ఇంటినిండా మందు కొట్టించవచ్చా, ఆయనను శుభ్రపరచే బాధ్యత ప్రభుత్వంలో ఎవరికైనా ఉందా అని కాలనీ సంఘం కార్యదర్శిగా మీరు అడిగారు. నగరపాలక సంస్థ ఆరోగ్య విభాగంలో మొదట దోమల నియంత్రణలోను, తరువాత పారిశుద్ధ్యంలోను పనిచేసి విరమణ పొందినవాడిని కనుక కొంత వివరంగానే రాస్తున్నాను.

మందు కొట్టించడం ఈ వ్యవహారంలో అన్నిటికంటే చివరి పని. ఎలుక అయినా, బొద్దింక అయినా, దోమ అయినా ఒక ఇంట్లో స్థిరపడిందంటే అక్కడ దానికి తిండో, నీరో, దాగే చోటో దొరుకుతున్నదని అర్థం. ఆ ఇంట్లో అవి దొరకడానికి కారణం ఆ పెద్దాయన తనను తాను చూసుకోలేని స్థితికి చేరడం. ఆ స్థితిని అలాగే ఉంచి ఎంత ఖరీదైన మందు చల్లించినా కొన్ని నెలలకు పరిస్థితి మళ్లీ మొదటికే వస్తుంది. పైగా మంచం మీద మనిషి ఉండగానే ఇంట్లో మందు చల్లితే పరుపుకు, దుప్పటికి అంటిన రసాయనం రాత్రంతా ఆయన ఒంటికి తగులుతూనే ఉంటుంది. సామాను గుట్టల కింద ఎలుకలకు విషం పెడితే అవి లోపలే చచ్చి కుళ్లుతాయి, వాటి ఒంటి మీద రక్తం తాగే చిన్న పురుగులు మరో రక్తం కోసం దగ్గరలో ఉన్న మనిషి మీదికి చేరతాయి. అందువల్ల మొదట మనిషి, ఆ తరువాత సామాను, ఆ తరువాత కన్నాలు, నీటి తొట్లు, చివరికి రసాయనం. ఈ వరుస తప్పితే ఖర్చు రెట్టింపు అవుతుంది, ఆయనకు హాని కూడా జరుగుతుంది.

ఏ బాధ్యత ఎవరిదో తెలిస్తే మీరు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగే అవసరం తగ్గుతుంది. బ్రిటన్‌లో 1936 నాటి ప్రజారోగ్య చట్టం ప్రకారం స్థానిక కౌన్సిలు మురికి పట్టిన ఇంటిని శుభ్రం చేయించగలదు, పేలు పట్టిన మనిషిని శుభ్రపరచే ఏర్పాటు కూడా చేయగలదు. మనిషిని శుభ్రపరచినందుకు రుసుము తీసుకోకూడదని, స్త్రీలకు ఆ పని స్త్రీలో, వైద్యులో మాత్రమే చేయాలని ఆ చట్టంలోనే రాశారు. మన దగ్గర 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ చట్టం కింద, పరిసరాలకు హాని కలిగించేంత అపరిశుభ్రంగా ఉన్న ఇంటిని బాగుచేయమని యజమానికి బల్దియా నోటీసు ఇవ్వగలదు. దోమల పని ఎంటమాలజీ (కీటకాల) విభాగానిది. చెత్త, పారిశుద్ధ్యం మీ సర్కిల్ కార్యాలయంలోని అసిస్టెంట్ మెడికల్ ఆఫీసర్ ఆఫ్ హెల్త్ కిందికి వస్తాయి. మురుగు పైపులు, మ్యాన్‌హోళ్లు మాత్రం నీటి సరఫరా, మురుగునీటి సంస్థ అయిన జలమండలివి. ఇంటికి వచ్చి మనిషికి స్నానం చేయించే విభాగం బల్దియాలో లేదు. ఈ లోటు నన్ను ఉద్యోగంలో ఉన్నంతకాలం బాధపెట్టింది. నల్లులకు మందు కొట్టే యంత్రం పంపగల నగరం, ఆ నల్లుల మధ్య పడుకున్న మనిషి దగ్గరికి ఒక ఆయాను కూడా పంపగలిగి ఉండాలని ఇప్పటికీ గట్టిగా నమ్ముతున్నాను.

ఇప్పుడు ఆ పెద్దాయన సంగతి. సంఘం తరఫున పదిమంది కలిసి వెళ్లవద్దు, ఫోన్లలో వీడియోలు తీయవద్దు. ఆయన గౌరవించే ఒక్కరు, వీలైతే ఆయన ఈడువారు, వెళ్లి మాట్లాడాలి. ఇల్లు కంపు కొడుతున్నదని మొదలుపెడితే తలుపు మూసుకుంటారు. ఆరోగ్యం ఎలా ఉంది, నిద్ర పడుతున్నదా, మోకాళ్లు ఎలా ఉన్నాయి అని అడిగితే మాట కలుస్తుంది. స్నానం మానేసిన వృద్ధుల్లో చాలామందిది బద్ధకం కాదు. కంటిలో శుక్లాలు, పడిపోతామన్న భయం, మూత్రం ఆపుకోలేకపోవడం, మతిమరుపు జబ్బు, పార్కిన్సన్స్, దిగులు జబ్బు ఇలా ఏదో ఒకటి వెనక ఉంటుంది. నల్లకుంట వైపు ఒక ఇంట్లో ఒక పెద్దావిడ నెలల తరబడి తలస్నానం చేయలేదని కోడలు మాకు చెప్పింది. వెళ్లి చూస్తే స్నానాల గది గడప జానెడు ఎత్తున ఉంది, లోపల నాపరాయి పాచి పట్టి జారుతున్నది, గీజరు నీళ్లు పట్టిన ఇనుప బకెట్టును ఆవిడ ఎత్తలేకపోతున్నది. గడప ముందు ఒక ఇటుక మెట్టు కట్టి, గోడకు స్టీలు పట్టీ బిగించి, ప్లాస్టిక్ స్టూలు వేసి, నీళ్లు రెండు చిన్న బకెట్లలో పెట్టించాక ఆవిడ ఎవరి సాయమూ లేకుండా స్నానం చేయడం మొదలుపెట్టింది. మీ పెద్దాయన స్నానాల గదిని కూడా ముందు ఈ కంటితో చూడండి.

మాట కలిసిన తరువాత దగ్గరలోని బస్తీ దవాఖానాకో, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో తీసుకువెళ్లాలి. ఆయన కదలలేకపోతే అక్కడి ఏఎన్ఎంకు గాని, ఆశా కార్యకర్తకు గాని చెప్పి వైద్యుల సలహా తీసుకోవాలి. బీపీ, షుగర్, రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలతోనే సగం చిక్కు విడిపోవడం నేను చూశాను. మనసుకు సంబంధించిన ఇబ్బంది అని అనుమానం ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు, ఆ తరువాత ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది. వృద్ధుల సహాయవాణి 14567. పిల్లలు ఉండి పట్టించుకోకపోతే తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 కింద ట్రైబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే ముందు ఆ పిల్లలకు ఒకసారి ఫోను చేయండి, ఇంటి స్థితి నిజంగా తెలియని పిల్లలు కూడా ఉంటారు.

ఆయన ఒప్పుకోకపోతే బలవంతంగా లాక్కెళ్లే అధికారం మీకు గాని, బల్దియాకు గాని లేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ఒక మనిషికి నిర్ణయం తీసుకునే శక్తి ఉన్నదనే మొదట భావించాలి. మానసిక అనారోగ్యంతో ఉన్న వ్యక్తిని ఇంట్లో నిర్లక్ష్యం చేస్తున్నారని, లేదా హింసిస్తున్నారని తెలిస్తే మాత్రం పోలీసు స్టేషన్‌లో చెప్పవచ్చు, వారు మేజిస్ట్రేటుకు నివేదించాలి. అది చివరి మార్గం. మూడు నాలుగు వారాల ఓపికతో పోయేదానిని పోలీసుల వరకు తీసుకువెళ్లవద్దు.

ఒళ్లు శుభ్రపరచే పని గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే దీనిని చాలామంది ధైర్యం ఉంటే చాలుననుకుని చేస్తారు. ఆయన తనంతట తాను చేసుకోగలిగినంత ఆయననే చేసుకోనివ్వాలి, సాయం పట్టేది మగమనిషే అయి ఉండాలి. హోమ్ నర్సింగ్ ఏజెన్సీ నుంచి మనిషిని పిలిపించుకోవచ్చు. క్యాన్సర్ వంటి తీరని జబ్బుతో మంచం పట్టినవారైతే ప్రభుత్వ పాలియేటివ్ కేర్ (బాధ తగ్గించే సేవల) కార్యక్రమంలో ఇళ్లకు వెళ్లే నర్సులు ఉన్నారు, ఆసుపత్రిలో అడిగితే దారి చెబుతారు. కుర్చీలో కూర్చోలేని మనిషికి మంచం మీదనే తడిగుడ్డతో తుడవాలి. గోరువెచ్చని నీళ్లు రెండు గిన్నెల్లో పెట్టుకుని, ఒకదానిలో సబ్బు కలపండి. ఫ్యాను ఆపి, తలుపు వేసి, ఒంటిమీద దుప్పటి కప్పి, తుడుస్తున్న భాగాన్ని మాత్రమే బయటికి తీయండి. మొదట సబ్బు లేకుండా కళ్లు, ముఖం, తరువాత మెడ, చేతులు, ఛాతీ, కాళ్లు, వీపు, చివరికి వేరే గుడ్డతో మర్మాంగాలు, మలద్వారం తుడవాలి. శుభ్రమైన చోటు నుంచి మురికి చోటుకే గుడ్డ కదలాలి, తిరిగి వెనక్కు రాకూడదు. చంకలు, గజ్జలు, కాలివేళ్ల సందులు తడి లేకుండా అద్దాలి, అక్కడ తడి మిగిలితే తామర పడుతుంది.

తుడుస్తున్నప్పుడే నడుము కింద ఎముక, మడమలు, తుంటి, భుజాల వెనక భాగం జాగ్రత్తగా చూడాలి. అక్కడ చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే మంచపు పుండు మొదలైనట్టే, ఆ చోటును రుద్దకూడదు. మంచం దిగని మనిషిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. పుండులో పురుగులు కనిపిస్తే ఇంట్లో టర్పెంటైన్ పోయవద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. అట్టలు కట్టిన జుట్టును అడగకుండా గొరిగించవద్దు. తల గొరిగించుకున్న తరువాత సిగ్గుతో మళ్లీ ఎవరికీ తలుపు తీయని మనుషులు ఉన్నారు.

తలలో పేలుంటే 1 శాతం పెర్మెత్రిన్ లోషను, పేల దువ్వెన చాలు. ఒంటి పేలు అలా కాదు, అవి బట్టల కుట్లలో బతుకుతాయి కనుక బట్టలు వేడినీళ్లలో ఉడకబెట్టి ఇస్త్రీ చేయడమే అసలు చికిత్స. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ రాత్రిళ్లు దురద ఎక్కువగా ఉంటే గజ్జి అయి ఉండవచ్చు. వైద్యులు రాస్తే 5 శాతం పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి అరికాళ్ల వరకు రాసి, రాత్రంతా ఉంచి కడగాలి, వారానికి మళ్లీ ఒకసారి రాయాలి. సాయం చేస్తున్నవారు కూడా అదే రోజు రాసుకోకపోతే గజ్జి ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

సామాను తీయడం ఆయన కళ్ల ముందు, ఆయన మాట అడుగుతూ జరగాలి. మొదటి రోజు తలుపు నుంచి మంచానికి, మంచం నుంచి స్నానాల గదికి దారి ఏర్పడితే చాలు. పాత పేపర్ల మధ్య పింఛను కాగితాలు, బ్యాంకు పాసుపుస్తకం, కొన్నిసార్లు డబ్బు కూడా ఉంటాయి, కట్టలను విప్పి చూడకుండా బయట పడేయవద్దు. ఎలుక పెంటికలున్న చోట పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరుకున్న నీటితో తడిపి, కాసేపు ఆగి తుడవండి. ఆ నీటిలో యాసిడ్ ఎన్నడూ కలపవద్దు, క్లోరిన్ వాయువు పుడుతుంది. స్వచ్ఛ ఆటో ఇంత సామాను తీసుకుపోలేదు, సర్కిల్ పారిశుద్ధ్య సిబ్బందితో ముందే మాట్లాడి విడిగా వాహనం అడగండి. వీధి చివర ఖాళీ స్థలంలో పోస్తే ఎలుకలకు కొత్త ఇల్లు ఇచ్చినట్టే.

నల్లులు జబ్బులు మోస్తాయన్న ఆధారం లేదు గాని నిద్రను హరిస్తాయి, ఆ అవమానం మనిషిని మరింత ఒంటరిని చేస్తుంది. పరుపు కుట్టు వెంట టార్చి వేసి చూస్తే పెన్ను గుచ్చినట్టు నల్లని చుక్కలు కనిపిస్తాయి, తడి గుడ్డతో తుడిస్తే అవి గోధుమరంగులో అలుముకుంటాయి. నల్లుల రెట్ట అది. వాటి గూడు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. మన ఊళ్లలో మామూలుగా చల్లే పిరెత్రాయిడ్ రకం మందులకు నల్లులు చాలావరకు లొంగడం లేదు, 50 డిగ్రీలు దాటిన వేడికి మాత్రం గుడ్లతో సహా చస్తాయి. బట్టలు, దుప్పట్లు మరిగే నీళ్లలో వేయండి, మంచం కోళ్ల సందుల్లో మరిగిన నీళ్లు పోయండి, చిరిగిన పరుపును సంచిలో కట్టి పారవేయించండి. వానకాలపు ఎండను నమ్ముకోవద్దు. నల్లుల కోసమని సల్ఫాస్ మాత్రలు ఇంట్లో పెట్టడం ప్రాణాంతకం. ఆ అల్యూమినియం ఫాస్ఫైడ్ నుంచి వచ్చే వాయువు గోడ సందుల నుంచి పక్క వాటాలోకి పోయి నిద్రలో ఉన్నవారి ప్రాణం తీస్తుంది. లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ వారైనా సరే, మనుషులు నివసించే ఇంట్లో వాడతామంటే ఒప్పుకోవద్దు.

ఎలుకల విషయంలో కన్నాలు మూయడమే ముఖ్యం. చిటికెన వేలు పట్టే సందు ఉంటే చిట్టెలుక దూరుతుంది. స్టీలు పీచు కుక్కి, పైన సిమెంటు పూయండి, డ్రైనేజీ గొట్టాలకు జాలీ బిగించండి, పందికొక్కులు తవ్విన కన్నాలను కంకర వేసి పూడ్చండి. బోను పెట్టవచ్చు. మతిమరుపు ఉన్న మనిషి ఇంట్లో విషపు ఎర పెట్టవద్దు, ముఖ్యంగా పసుపు భాస్వరం ఉన్న పేస్టు కాలేయాన్ని దెబ్బతీస్తుంది, దానికి విరుగుడు లేదు. ఎలుక మూత్రం కలిసిన వాన నీటిలో పుండ్లున్న కాళ్లతో నడిస్తే లెప్టోస్పైరోసిస్ రావచ్చు, కాబట్టి పని చేసేవారికి గమ్ బూట్లు ఇప్పించండి. కారణం లేకుండా ఎలుకలు గుంపుగా చచ్చి పడుతుంటే చేతితో ముట్టుకోకుండా ఆరోగ్య విభాగానికి వెంటనే తెలపాలి. 1911లో ఈ నగరం ప్లేగును చూసింది, ఆ జాగ్రత్త అప్పటి నుంచి వచ్చినదే.

ఇక దోమలు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. అంత చరిత్ర ఉన్న నగరంలో కూడా పొగబండి వస్తేనే దోమల పని జరిగినట్టు అనుకుంటున్నారు. ఆ పొగ డీజిల్‌లో కలిపిన మందు, ఎగురుతున్న పెద్ద దోమకు తగిలితేనే పనిచేస్తుంది. డెంగీని మోసే ఈడిస్ దోమ పగలు కుట్టి, మంచం కింద, తెరల వెనక చీకటిలో వాలుతుంది. బండి చప్పుడు వినగానే అందరూ కిటికీలు మూస్తారు, పొగ వీధిలోనే తేలిపోతుంది. నీటిలోని దోమ పిల్లలకు (లార్వాలకు) దానివల్ల ఏమీ కాదు, కొద్ది రోజుల్లో అవే కొత్త దోమలై బయటికి వస్తాయి. మీరు అడగవలసింది లార్వా నిర్మూలన సిబ్బందిని. కేసులు వచ్చిన ఇళ్లలోను, చుట్టుపక్కల ఇళ్లలోను లోపలి గదుల్లో పెద్ద దోమలను చంపే పైరిత్రమ్ మందు పిచికారీ అడగండి.

ఆ సిమెంటు తొట్టిని మీరే పరీక్షించవచ్చు. తెల్లని గిన్నెతో అంచు నుంచి మెల్లగా నీళ్లు తీసి వెలుతురులో పెట్టండి. తల కిందికి వేలాడేసి, తోక నీటి పైభాగానికి ఆనించి ఉన్నవి ఈడిస్ గాని, క్యూలెక్స్ గాని అయి ఉంటాయి. నీటి పైన బల్లపరుపుగా పడుకున్నట్టు ఉన్నవి మలేరియా దోమ పిల్లలు. టార్చి వేయగానే మెలికలు తిరుగుతూ అడుగుకు పోతాయి కనుక మొదటిసారే చూడాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది, అందుకే వారానికొకసారి ఖాళీ చేయమంటారు. ఖాళీ చేయడంతో మాత్రం సరిపోదు. ఈడిస్ గుడ్లు నీటి గీతకు కొంచెం పైన తొట్టి గోడకు అంటుకుని, నెలల తరబడి ఎండలో కూడా బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పగులుతాయి. కొబ్బరి పీచుతో గోడలను గట్టిగా తోమాలి. ఖాళీ చేయలేని సంపులో సిబ్బంది మోతాదు ప్రకారం లార్వాలను చంపే టెమిఫాస్ మందు వేస్తారు, వాడకంలో లేని బావుల్లో లార్వాలను తినే గంబూసియా చేపలు వదులుతారు. ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్, మనీప్లాంట్ సీసా, కొత్తగా కడుతున్న ఇంటి సంపు ప్రతి ఇంట్లోను చూడండి. ఈడిస్ పుట్టిన చోటు నుంచి కొన్ని వందల మీటర్లకు మించి అరుదుగా పోతుంది, కాబట్టి ఆ ఇద్దరిని కుట్టిన దోమ పెద్దాయన తొట్టిలోనే పుట్టిందని తేల్చేయకుండా గల్లీ అంతా వెతకాలి.

ఫిర్యాదు మీ నగరపాలక సంస్థ సహాయవాణిలో గాని, యాప్‌లో గాని ఇవ్వవచ్చు. అన్నీ కలిపి ఒకే ఫిర్యాదు రాస్తే అది విభాగాల మధ్య తిరుగుతుంది. దోమలకు ఒకటి, సామాను తరలింపుకు ఒకటి, మురుగు పొంగుతుంటే జలమండలి 155313కు ఒకటి వేర్వేరుగా ఇచ్చి, నంబర్లు రాసిపెట్టుకోండి. డెంగీ ఫిర్యాదుతో పరీక్ష నివేదిక నకలు జత చేయండి. జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1, ఆ తరువాత ఐజీఎం పరీక్ష పనికి వస్తాయి, ఎలైజా పద్ధతిలో చేసిన నివేదికకే సిబ్బంది విలువ ఇస్తారు. పని జరగకపోతే అధికారులు ఫిర్యాదులు తీసుకునే సోమవారం ప్రజావాణిలో పాత నంబర్లతో సహా రాతపూర్వకంగా ఇవ్వండి. పెద్దాయన ఇంటి గురించి రాసేటప్పుడు "మురికి మనిషి", "పిచ్చివాడు" వంటి మాటలు ఆ కాగితంలో ఎక్కడా రానివ్వవద్దు, నోటీసు వచ్చినప్పుడు ఆ కాగితం నకలు ఆయన చేతికి కూడా చేరవచ్చు. "ఒంటరిగా ఉన్న వయోవృద్ధునికి సహాయం కావాలి, ఆయన అంగీకరించారు" అని రాసి, కింద ఆయన సంతకం కూడా తీసుకుని ఇవ్వండి. ఆయన ఒప్పుకోవడానికి ఇంకో వారం పట్టేటట్లుంటే ఆ ఫిర్యాదును ఆ వారం ఆపి, తొట్టి, దోమల ఫిర్యాదు మాత్రం ఈ రోజే ఇవ్వండి.